క్యాన్సర్ చికిత్స నిర్ణయంలో ఏఐ సలహా తప్పనిసరి చేయాలా?

సిక్కోలు వాసి:
జిల్లా ఆసుపత్రిలో క్యాన్సర్ అని తేలిన ప్రతి కేసునూ, వైద్యం మొదలుపెట్టే ముందు, ఏఐ వ్యవస్థకు చూపించి తీరాలని నా వాదన. పెద్ద ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు ఉంటుంది. సర్జన్, కీమో డాక్టరు, రేడియేషన్ డాక్టరు ఒకేచోట కూర్చుని కేసు చర్చిస్తారు. చిన్న ఊళ్లలో ఆ ముగ్గురూ ఒకచోట ఎక్కడ దొరుకుతారు? ముందు ఎవరి దగ్గరికి వెళ్తే వారి మాటే చికిత్స అవుతోంది. రెండో అభిప్రాయం అన్నదే లేనిచోట యంత్రం చెప్పేదైనా మేలే కదా?

గణాంకాల మాస్టారు:
వాసి గారూ, మీ ఆవేదన న్యాయమైనదే. కానీ ఈ ప్రయోగం ఒకసారి జరిగిపోయింది. ఐబీఎం సంస్థ క్యాన్సర్ చికిత్సలు సూచించే వాట్సన్ ఫర్ ఆంకాలజీ అనే ఏఐని న్యూయార్క్‌లోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ క్యాన్సర్ ఆసుపత్రి వైద్యుల చేత తీర్చిదిద్దించింది. బెంగళూరులోని మణిపాల్ ఆసుపత్రిలో 638 రొమ్ము క్యాన్సర్ కేసుల మీద దాన్ని పోల్చి చూశారు. అక్కడి ట్యూమర్ బోర్డు నిర్ణయంతో 93 శాతం కలిసిందని 2018లో ప్రచురించారు. ఆ అంకె వెనక ఉన్నది చదవండి. మొదటి పోలికలో కలిసినవి 73 శాతమే. తేడా వచ్చిన కేసులను వైద్యులు 2016లో మళ్లీ చూశాక అది 93కి చేరింది. డెన్మార్క్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో కలిసింది సుమారు మూడింట ఒక వంతు. వాళ్లు వద్దనుకున్నారు.

నా అసలు అభ్యంతరం వేరు. డాక్టరుతో ఏకీభవించడం గొప్పేమిటి? డాక్టరు పొరబడితే యంత్రమూ అదే పొరబాటు చేసి మార్కులు కొట్టేస్తుంది. రోగి ఎన్నేళ్లు బతికారు, వ్యాధి తిరగబెట్టిందా లేదా అన్నది ఆ లెక్కలో లేనే లేదు. విపరీతంగా రక్తస్రావం అవుతున్న ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి, రక్తస్రావాన్ని పెంచే ప్రమాదమున్న బెవాసిజుమాబ్ అనే మందును వాట్సన్ సూచించిందని 2018లో వార్తలు వచ్చాయి. అది పరీక్ష కోసం కల్పించిన కేసే, నిజమైన రోగి కాదు. అయినా మనకు హెచ్చరికే. 2022లో ఐబీఎం ఆ వైద్య వ్యాపారాన్నే అమ్మేసింది.

రేపటి వైద్యం:
మాస్టారూ, పాత కథతో కొత్త సాంకేతికతను కొట్టేయడం అన్యాయం. స్వీడన్‌లో 80,000 మందికి పైగా మహిళల మామోగ్రామ్‌లపై (రొమ్ము ఎక్స్‌రేలపై) జరిగిన పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఏఐ తోడుగా చదివితే క్యాన్సర్లు పట్టుకోవడం తగ్గలేదు, వైద్యులకు చదివే భారం 44 శాతం తగ్గింది.

గణాంకాల మాస్టారు:
అది వ్యాధిని పట్టుకోవడం. మనం మాట్లాడుతున్నది ఏ మందు ఇవ్వాలన్న దాని గురించి. మీ పక్షానికి ఇంకా మంచి ఉదాహరణ నేనే ఇస్తాను. ప్రోస్టేట్ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు హార్మోన్ మందు ఎవరికి అవసరమో చెప్పే ఆర్టెరా ఏఐ. పాత క్లినికల్ ట్రయల్స్‌లో (రోగులపై జరిపిన చికిత్సా పరీక్షల్లో) దాచిన బయాప్సీ చిత్రాలను, అంటే గడ్డ నుంచి తీసిన ముక్కల చిత్రాలను, ఆ రోగులకు ఏళ్ల తర్వాత ఏమైందన్న సమాచారంతో కలిపి దాన్ని తయారుచేశారు. విడిగా మరో ట్రయల్ రోగులపై పరీక్షిస్తే, సుమారు మూడింట రెండు వంతుల మందికి ఆ మందుతో చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. ఒకే ప్రశ్న, దానికి రోగుల జీవితాల నుంచి వచ్చిన జవాబు. ఇలాంటిదాన్ని నేను కళ్లకద్దుకుంటాను. అన్ని క్యాన్సర్లకూ అన్ని జవాబులూ చెబుతానన్నదాన్ని నమ్మలేను.

వార్డు నర్సు:
ఒక్క మాట చెప్పాలి. రొమ్ము మొత్తం తీయకుండా గడ్డ వరకే తీస్తే సాధారణంగా ఆ తర్వాత వారాల తరబడి రోజూ రేడియేషన్ కావాలి. కూలికి వెళ్లే మనిషి పిల్లల్ని వదిలి నగరంలో ఎక్కడ ఉంటుంది? ఆరోగ్యశ్రీ చికిత్స ఖర్చు భరించినా, కోల్పోయిన కూలి ఎవరిస్తారు? రొమ్ము మొత్తం తీసేయమని అడిగేవాళ్లను చూశాను. ఈ ప్రశ్నలు రిపోర్టులో ఉండవు. రిపోర్టు మాత్రమే చదివేదానికి నిర్ణయం అప్పగిస్తామా?

సిక్కోలు వాసి:
నర్సు గారూ, ఆ ప్రశ్నలు హడావిడిలో ఉన్న డాక్టరూ అడగడం లేదు. మాస్టారు గారూ, మీరు చెప్పిన నాణ్యత వచ్చేదాకా మా జిల్లా రోగి ఏం చేయాలి?

గణాంకాల మాస్టారు:
దారి ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి ఆధ్వర్యంలో 2012లో మొదలైన క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ ఆన్‌లైన్ ట్యూమర్ బోర్డు నడుపుతోంది. దానితో కలిసి పనిచేసే, ఆన్‌లైన్‌లో రెండో అభిప్రాయం ఇచ్చే నవ్య సేవలో రిపోర్టులను క్రమపరచడం, తగిన ఆధారాలు వెతకడం కంప్యూటర్ చేస్తుంది. అభిప్రాయాన్ని ఖరారు చేసేది నిపుణులైన వైద్యులు. జిల్లా ఆసుపత్రులను ముందు దీనికి కలపమని అడుగుదాం. ఏఐ వాడితే అది ఏం చెప్పిందో, డాక్టరు ఎందుకు ఒప్పుకున్నారో, ఎందుకు కాదన్నారో కేసు షీటులో రాయాలి. ఆ కాగితం నకలు రోగి చేతికి ఇవ్వాలి.

సిక్కోలు వాసి:
కేసు షీటు సంగతి ఒప్పుకుంటున్నాను. ‘తప్పనిసరి’ అన్న మాట మాత్రం వదలను. ఐచ్ఛికమంటే మా దగ్గర ఎవరూ చేయరు. ఆ ఆన్‌లైన్ బోర్డుకు పంపడమైనా తప్పనిసరి చేయమనండి, మీతోపాటు అర్జీ మీద సంతకం పెడతాను.