శ్వాస గడప పరీక్షకు బెంగళూరు వెళ్ళాలా, ఎక్కం సరిపోతుందా?

కడపపెడల్:
నా వయసు 44. మూడేళ్ళుగా సైకిల్ తొక్కుతున్నాను. ఈ చలికాలంలో 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోగా ముగించాల్సిన దూరపు సైకిల్ యాత్ర) పూర్తి చేయాలని కోరిక. గడువు 20 గంటలు. పోయినసారి 200 కిలోమీటర్లది ముగించాను కానీ చివరి 40 ఎలా తొక్కానో నాకే గుర్తు లేదు. మిత్రుడొకరు బెంగళూరులో ముఖానికి మాస్కు పెట్టించుకుని, ఊపిరి కొలిపించుకుని, రెండు శ్వాస గడపలట, అంటే శ్రమ పెరిగేకొద్దీ ఊపిరి జోరందుకునే రెండు మలుపులు, అవి ఏ గుండె వేగం దగ్గర వస్తాయో రెండు అంకెలు రాయించుకొచ్చారు. ఇక సాధనంతా వాటి ప్రకారమేనట. నా గడియారమేమో గుండె వేగానికి హద్దుగా 220లోంచి వయసు తీసేసి, మిగిలిన 176లో 70 శాతం, అంటే 123 దాటితే చాలు కూత పెడుతుంది. 123 దగ్గర నాకు నిద్ర వస్తుంది. పరీక్షకు డబ్బు పెట్టాలా, అదే డబ్బుతో టైర్లు కొనుక్కోవాలా?

తుంగభద్రగాలి (కర్నూలు):
పరీక్షకే పెట్టండి. 220 సూత్రం అందరి సగటు. ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి పది పన్నెండు అటూ ఇటూ కావడం మామూలే. నా కథ మీకు పూర్తిగా తిరగబడిన కథ. ఓర్వకల్లు దాకా రోజూ ఒకే వేగంతో పోయి రావడం, మధ్యాహ్నం ఒళ్ళు తెలియకుండా పడుకోవడం. తేలిక అనుకున్న ఆ రోజులన్నీ మొదటి గడప పైనే గడిచాయని మాస్కు పెట్టుకున్నాకే తెలిసింది.

పెన్నఇసుక (తాడిపత్రి):
ఒప్పుకోను. ఆ గదిలో ఏసీ, ఎదురుగా ఫ్యాను. మన రోడ్ల మీద ఏప్రిల్ అంటే నలభై డిగ్రీలు. ఎండలో ఒళ్ళు చల్లబరచడానికి రక్తం చర్మం వైపు మళ్ళుతుంది, చెమటగా నీరు పోతుంది. కాలి బలం మారకపోయినా గుండె వేగం పెరుగుతూ పోతుంది. అక్కడ రాసిచ్చిన 140 ఇక్కడ మూడో గంటలో దేనికి గుర్తు? నేను పదిహేడో ఎక్కం గొంతెత్తి చెబుతాను. పది దాకా సాఫీగా సాగితే మొదటి గడప కింద ఉన్నట్టు. మధ్యలో ఊపిరి కోసం ఆగితే దాటినట్టు. ‘పదిహేడు’ అనడమే గగనమైతే రెండోదీ దాటేశాను. పైసా ఖర్చు లేదు. మేకల కాపరులు వింతగా చూస్తారు, అంతే.

తుంగభద్రగాలి:
ఊపిరి ఆడకపోయినా పరువు కోసం పది దాకా చెప్పే మొండివాళ్ళు ఉంటారు. వారిలో నేనొకణ్ణి.

పాతమాస్టారు (అనంతపురం):
శరీరధర్మశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి, కాస్త పొడుగైతే ఓర్చుకోండి. 1964లో వాసర్‌మన్, మెక్‌ఇల్రాయ్ ఈ గడపను వెతికింది పందేల కోసం కాదు, గుండె జబ్బు ఉన్నవారి కోసం. శ్రమ పెరిగేకొద్దీ కండరాల నుంచి రక్తంలోకి ఆమ్లం చేరుతుంది. రక్తంలోని బైకార్బొనేట్ దాన్ని సర్దుతుంది, ఆ సర్దుబాటులో అదనంగా కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. దాన్ని బయటికి నెట్టడానికి ఊపిరి ఆక్సిజన్ అవసరాన్ని మించి పెరుగుతుంది. ఇది మొదటి గడప. ఇంకా ఒత్తితే ఆ సర్దుబాటు చాలదు, ఊపిరి కార్బన్ డయాక్సైడ్‌ను కూడా మించి పరుగెడుతుంది. అది రెండోది. (తిరుమలకు గడప కాబట్టే కడప అయిందంటారు. ఆ ఊరివారికి గడప సంగతి నేను చెప్పడమేమిటి!)

మాట్లాడాలంటే ఊపిరి బయటికి వదలడాన్ని సాగదీయాలి. తొందరలో ఉన్న ఊపిరి అందుకు లొంగదు. కాబట్టి ఎక్కం పద్ధతిని తీసిపారేయకండి. మాస్కు అంకెనూ వేదవాక్కు అనుకోకండి. పరీక్షలో బరువును నిమిషానికోసారి పెంచారా, మూడు నిమిషాలకోసారా అన్నదాన్ని బట్టి గడప దగ్గర కనబడే వాట్లు (కాలి బలం కొలత) మారతాయి. కాగితం మీద ఊపిరి గీత ఎక్కడ వంగిందో తేల్చడంలో ఇద్దరు నిపుణులకు తేడా రావచ్చు.

ఇక మీ సంగతి. 20 గంటల్లో 300 అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కిలోమీటర్లు. మీకు కావలసింది మొదటి గడప, దానికి ఎక్కం చాలు. గంటలో ముగిసే పందెం తొక్కేవారు రెండో గడప ఆనుకుని తొక్కాలి, వారు మాస్కుకు డబ్బు పెట్టడంలో అర్థముంది.

పెన్నఇసుక:
నేను చెప్పిందీ అదే కదా.

పాతమాస్టారు:
మీరు అందరికీ చెప్పారు. నేను ఈయనకు చెప్పాను.

కడపపెడల్:
లారీలు తక్కువగా ఉంటాయని ఆదివారం తెల్లవారకముందే గువ్వలచెరువు వైపు బయలుదేరాను. చదును దారిలో పన్నెండో ఎక్కం 138 దాకా సాఫీగా సాగింది. గడియారం కూతలు భరించలేక దాని హద్దు మార్చేశాను. ఘాట్ మొదలయ్యాక పదిహేడోది ఎత్తుకుంటే పదిహేడు ఆర్ల దగ్గర ఆగిపోయాను, అప్పుడు 151. టైర్లే కొంటున్నాను.

తుంగభద్రగాలి:
ఆగింది ఊపిరి అందకనా, ఎక్కం రాకనా?

కడపపెడల్:
ఇప్పుడే కుర్చీలో కూర్చుని చెప్పి చూశాను. అక్కడే ఆగాను. వచ్చే ఆదివారం ఘాట్‌లోనూ పన్నెండో ఎక్కమే.