భద్రాచలం చుట్టూ ఉన్న ఐదు పంచాయతీలు తెలంగాణకు తిరిగి రావాలా?

గట్టుమీద:
2014లో పోలవరం ముంపు పేరుతో ఏడు మండలాల గ్రామాలు ఆంధ్రకు పోయాయి. భద్రాచలం మండలంలో ఊరొక్కటే ఇటు మిగిలింది. ఆనుకుని ఉన్న ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు అటు చేరాయి. దుమ్ముగూడెం, చర్ల వెళ్లే బస్సు మధ్యలో ఆంధ్ర దాటి మళ్లీ తెలంగాణలో పడుతుంది. చెత్త పోసేందుకు ఊరికి జాగా లేదు. రాములవారి భూములు పురుషోత్తపట్నంలో దాదాపు 890 ఎకరాలు. ఐదూ కలిస్తే వీటితోపాటు వరద బాధా తీరుతుందంటాను.

తూముకాడ:
రోడ్డు, చెత్త సరే. వరదను ఇందులోకి లాగకండి. గోదావరి పెరిగితే నది నీళ్లు వెనక్కి తన్నకుండా కరకట్ట తూముల షట్టర్లు దించేస్తారు. ఇక ఊళ్లో కురిసిన వాన, మురుగు పోయే దారి ఉండదు. రామాలయం దగ్గర విస్తా కాంప్లెక్స్, అన్నదాన సత్రం వైపు నీళ్లు నిలిచేది అందుకే. షట్టరు కింద కొమ్మ ఇరుక్కున్నా, సీలు అరిగినా కట్ట లోపలికి ఊట మొదలవుతుంది. మోటార్లతో తోడాల్సిందే. కరెంటు ఎలాగూ పోతుంది కాబట్టి జనరేటరు, డీజిల్ కట్ట లోపలే ఉండాలి. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు వంతెన మీద రాకపోకలు ఆపేశారు, అప్పుడు అవతలి ఒడ్డు నుంచి మోటారు ఎలా తెస్తారు? మొదటి హెచ్చరిక 43 అడుగులకు. మోటార్ల ట్రయల్ జూన్‌లోనే వేయాలి. హద్దురాయి జరిపితే షట్టరు బాగుపడదు.

శబరిఒడ్డు:
కలిస్తే ప్లాట్లకు రేటొస్తుందని ఆశపడే గిరిజనేతరులకు ఒక మాట. గిరిజన ప్రాంత భూముల బదలాయింపును కట్టడి చేసే 1/70 చట్టం రెండు వైపులా ఒకటే. ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా అమ్మలేడు. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పజెప్పడమే. స్టాంపు కాగితం రాతలు ఎల్‌టీఆర్ (ఆ చట్టం కింద వేసే భూబదలాయింపు) కేసులో నిలవవు. మా కోయ గూడేలకు కావలసింది పిల్లల స్థానికత. ప్రభుత్వ ఉద్యోగాలకు తెలంగాణ 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 1 నుంచి 7 దాకా కనీసం నాలుగేళ్లు చదివిన చోటే లోకల్. ఎటపాక బడిలో ఏడో తరగతి అయిపోయిన పిల్ల, రేపు ఊరు తెలంగాణలో కలిస్తే, సొంత ఊళ్లోనే నాన్‌లోకల్ అవుతుందేమోనని మా భయం.

గట్టుమీద:
వరద మాట వెనక్కి తీసుకుంటా. స్థానికత సంగతి ఇద్దరు ముఖ్యమంత్రులు ఒప్పందంలో రాసుకోవచ్చుగా?

హద్దురాయి:
కుదరదండీ. హద్దులు మార్చాలంటే రాజ్యాంగం 3వ అధికరణ కింద పార్లమెంటు చట్టమే కావాలి. బిల్లు పెట్టేముందు రాష్ట్రపతి ఆ శాసనసభల అభిప్రాయం అడుగుతారు, దానికి కట్టుబడనక్కర్లేదు. 2014లోనూ ముందు ఆర్డినెన్సు, జులైలో సవరణ చట్టం. స్థానికత వేరే దారి, రాజ్యాంగం 371డి అధికరణ కింద రాష్ట్రపతి ఉత్తర్వు సవరించాలి. అంచేత గ్రామసభ తీర్మానంలో ‘మమ్మల్ని కలపండి’ అని ఒక్క వాక్యం రాసి ఊరుకోకండి. ఆంధ్ర బడిలో చదివిన ఏళ్లనూ లెక్కలోకి తీసుకోవాలని విడిగా రాయించండి. చెత్తకైతే అంత దూరం వెళ్లక్కర్లేదు, స్థలం ఇవ్వడానికి రెండు ప్రభుత్వాలు ఒప్పుకుంటే చాలు.