అప్‌డేట్: డయాలసిస్‌లో ఉన్న నాన్నగారి నోటి వాసన, చిగుళ్ల రక్తస్రావానికి కారణం తెలిసింది

డయాలసిస్ చేయించుకుంటున్న మా నాన్నగారికి నోరు ఎండిపోవడం, అమ్మోనియా వాసన, చిగుళ్ల నుంచి రక్తం రావడం వల్ల తిండి సహించడం లేదని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందు కిడ్నీ డాక్టరుతో మాట్లాడి, ఆ తర్వాతే దంతవైద్యులను కలవమన్న సలహా ఫలించింది.

కింది పళ్ల వెనుక గార గట్టిపడి చిగుళ్లు వాచాయని దంతవైద్యురాలు గుర్తించారు. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ అనే మందు ప్రభావం తగ్గాక, అంటే డయాలసిస్ అయిన మర్నాడు, ఆ గార తీశారు; నొప్పికి ఐబుప్రోఫెన్ వంటివి వద్దని పారాసిటమాల్ మాత్రమే రాశారు. లాలాజలంలో పెరిగిన యూరియా అమ్మోనియాగా మారడం వల్లనే ఆ వాసన వస్తుందట, అందుకే అది తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. చక్కెర లేని చూయింగ్ గమ్‌తో నోరు తడిగా ఉండి, నీళ్ల పరిమితి దాటకుండానే దాహం అదుపులోకి రావడం నాన్నగారికి అన్నిటికంటే పెద్ద ఊరట. బ్రష్ మీద ఎర్రటి చార ఇప్పుడు కనిపించడం లేదు. టూత్‌పేస్ట్ మార్చడం వల్ల ప్రయోజనమేమీ కనిపించలేదు.

కిడ్నీ మార్పిడి ఆలోచన ఉన్నవారు పళ్ల పరీక్ష ముందే చేయించుకోవాలని కూడా ఆమె చెప్పారు, ఎందుకంటే మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేటప్పుడు నోటి ఇన్‌ఫెక్షన్ ప్రమాదకరంగా మారవచ్చు.