మండపంలో మోసం బయటపడే ఘట్టం: నిజంగా చూసినవారు చెప్పండి

కథల కృష్ణవేణి
ప్రేమకథ ఒకటి రాస్తున్నాను. వరుడికి ఇదివరకే పెళ్లయింది, ఆ సంగతి దాచాడు. ముహూర్తం వేళకు మొదటి భార్య వస్తుంది. సీరియళ్లలో అయితే అతను తాళి చేతిలోకి తీసుకోగానే గుమ్మంలోంచి "ఆపండి!" అన్న కేక, అందరూ కొయ్యబారిపోవడం. అలా రాయడానికి నాకు మనసొప్పడం లేదు. ఇలాంటి పెళ్లిలో మీరు ఉండి ఉంటే అక్కడ ఏం జరిగిందో చెప్పండి. పేర్లు, ఊర్లు వద్దు.

గోదావరి పురోహితుడు
అమ్మా, తాళి కట్టే వేళ కేక వేస్తే ఎవరికీ వినపడదు. అశుభమైన మాట చెవిన పడకూడదనే ఆ క్షణంలో గట్టిమేళం వాయిస్తారు. డోలు, సన్నాయి ఒక్కసారిగా అందుకుంటే నా మంత్రమే నాకు వినిపించదు. పైగా మనకు సుముహూర్తం అంటే జీలకర్ర బెల్లం. అడ్డుతెరకు అటూ ఇటూ కూర్చుని ఒకరి తలపై ఒకరు ఉంచే సమయానికే లగ్నం పెడతాం. మంగళసూత్రధారణ ఆ తర్వాత.

నేను చేయించిన ఒక పెళ్లి గౌరీపూజ దగ్గరే ఆగిపోయింది. వచ్చిన అమ్మాయి మండపం వైపు రానే లేదు. ఆడవాళ్లతో కలిసి లోపలి గదిలోకి వెళ్లి, పూజ పూర్తయ్యేదాకా ఓ మూల నిలబడి, పెళ్లికూతురి చేతికి ఒక ఫొటో ఇచ్చిందట. వధువును తీసుకురమ్మని ఎన్నిసార్లు పిలిచినా మేనమామ బుట్టతో రాకపోయేసరికి గానీ నాకు విషయం తెలియలేదు.

పెళ్లి వీడియోలు తీస్తాను
పంతులుగారు చెప్పింది నిజం. నేను ఉన్నచోట అరుపులు మొదలుపెట్టింది వచ్చిన అమ్మాయి కాదు, వరుడి మేనత్త. ఆ అమ్మాయి నోరు విప్పకముందే డబ్బు కోసం వచ్చిందని తేల్చేశారు. వరుడు మాత్రం ఆమె ఎవరో తనకు తెలియదని అంటూనే, నుదుటి బాసికం విప్పి, దారాలు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. కెమెరాలో దగ్గరగా చూశాను. వధువు తండ్రి కూడా అదే చూశారు. ఆ తర్వాత ఆయన ఇంకేమీ అడగలేదు. భోజనాల హాలులో మాత్రం బంతి సాగుతూనే ఉంది, అక్కడివాళ్లకు పెరుగు వచ్చేదాకా ఏమీ తెలియదు.

పీటల దాకా వెళ్లాను
నేను వధువును. మోసం బయటపడ్డాక నన్ను ఎక్కువగా బాధపెట్టింది అతను కాదు, మా వాళ్లే. ముహూర్తం దాటిపోతోంది, బావను కూర్చోబెడదామన్నారు. బావ తలవంచుకుని సరేనన్నాడు కూడా. నన్ను ఎవరూ అడగలేదు. పూలజడ విప్పి పెట్టెలో పడేశాక నా మాట విన్నారు. వచ్చిన ఆ అమ్మాయిని భోజనం చేసి వెళ్లమన్నది మా అమ్మమ్మ ఒక్కతే. కృష్ణవేణి గారూ, దయచేసి ఆ ఇద్దరు ఆడవాళ్లను శత్రువులుగా చూపించకండి. ఆమె రాకపోయి ఉంటే నా బతుకు ఏమయ్యేదో నాకు తెలుసు.

న్యాయవాది, వరంగల్
కథలో ఆమె ఏ క్షణంలో వస్తుందన్నది చట్టం దృష్టిలోనూ ముఖ్యమే. 1955 హిందూ వివాహ చట్టం ప్రకారం, సప్తపది ఆచారంలో ఉన్నవారికి ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తవుతుంది. తంతు సక్రమంగా జరిగితే తప్ప రెండో పెళ్లి నేరం కింద శిక్ష పడదని సుప్రీంకోర్టు 1965లోనే చెప్పింది. కాబట్టి మధ్యలో ఆగితే ఆ కేసు నిలవదు, వధువు వైపు వారు మోసం కేసు పెట్టవచ్చు. పూర్తయ్యాక బయటపడితే ఆ రెండో పెళ్లి చెల్లదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, మొదటి పెళ్లి దాచి చేసుకుంటే పదేళ్ల వరకు జైలు. వచ్చినామె భార్య కాక ప్రియురాలైతే దారి వేరు. మొదటి నుంచీ పెళ్లి ఉద్దేశం లేకుండా మాటిచ్చి శారీరకంగా దగ్గరయ్యాడని రుజువైతేనే 69వ సెక్షన్. ప్రేమించి తర్వాత మనసు మార్చుకున్నంత మాత్రాన అది వర్తించదు.

డల్లాస్ తెలుగమ్మాయి
విదేశీ సంబంధమైతే ఇక్కడి పెళ్లి, విడాకుల వివరాలు ముందే ఆరా తీయమని మీ పాత్రల చేత చెప్పించండి. జాతీయ మహిళా కమిషన్‌లో ప్రవాస భారతీయుల విభాగం ఉంది, ఫిర్యాదులు తీసుకుంటుంది.

కథల కృష్ణవేణి
అందరికీ నమస్కారం. కేక తీసేశాను. ఘట్టం గౌరీపూజ గదిలోకి మారింది, బావ పాత్ర కొత్తగా వచ్చింది. న్యాయవాది గారూ, మొదటి పెళ్లి గుడిలో జరిగింది, రిజిస్టర్ కాలేదు. ఆమె ఏం చూపించగలదు?

న్యాయవాది, వరంగల్
రిజిస్టర్ కానంత మాత్రాన ఆ పెళ్లి చెల్లకుండా పోదు. ఫొటోలు, శుభలేఖ, గుడి రసీదు, చూసినవారి సాక్ష్యం. అన్నిటికన్నా ఆ తంతు నడిపించిన పురోహితుడు వచ్చి చెబితే బలం.

గోదావరి పురోహితుడు
అయితే ఆయన్ని కథలోకి తీసుకురండమ్మా. రమ్మంటే మాలో వచ్చి చెప్పేవాళ్లు ఉన్నారు.