పాత ఫోటోలు, అమ్మమ్మ జ్ఞాపకాలు: ఏది ముందు మొదలుపెట్టాలి?

రామంతాపూర్_ఆల్బమ్:
అందరికీ నమస్కారం. ఇంట్లో సుమారు 300 ఫోటోలున్నాయి. సగం నలుపు-తెలుపు, ఎక్కువగా స్టూడియోలో దిగినవి. మిగతావి 80ల నాటి కలర్ ప్రింట్లు. ఇవి ప్లాస్టిక్ పొర కింద జిగురు పేజీలుండే ఆల్బమ్‌లలో ఉన్నాయి, ఊడి రావడం లేదు. గోడకున్న పెళ్ళి ఫోటో ఒకటి అద్దానికి అతుక్కుపోయింది. వెనకాల పేర్లు రాసినవి ముప్ఫై కూడా ఉండవు. మనుషుల్ని గుర్తుపట్టేది 87 ఏళ్ళ అమ్మమ్మ ఒక్కరే. చూపు మందగించింది, అరగంటకే అలసిపోతారు. నాకు దొరికేది ఆదివారాలు మాత్రమే. స్కానింగ్ అంతా పూర్తి చేసి ఆవిడ దగ్గర కూర్చోవాలా, లేక అటునుంచి మొదలుపెట్టాలా? ఏ స్కానర్ కొనాలి?

మౌలాలి_వంశవృక్షం:
అమ్మమ్మగారి దగ్గర కూర్చోవడమే ముందు. ఫోటో ఇంకో ఏడాది బీరువాలో ఉన్నా ఏమీ కాదు.

మొదటి ఆదివారం ఫోన్ చాలు. కిటికీ పక్కన, ఫ్లాష్ ఆపేసి, ఆల్బమ్‌లో ఒక్కో పేజీకి ఫోన్‌తో ఒక్కో ఫోటో తీయండి. ప్రతి ఫోటోకీ నంబరు పెట్టండి: ఏ-03-2 అంటే 'ఏ' అని పేరు పెట్టిన ఆల్బమ్, మూడో పేజీ, రెండో ఫోటో. స్కాన్ ఫైలు పేరు, కవరు మీద రాత, రికార్డింగులో మీరు పలికేది అన్నీ ఇదే నంబరు. ఒకసారి పెట్టాక మార్చకండి.

రెండో ఆదివారం నుంచి రికార్డింగు. పొద్దున టిఫిన్ అయ్యాక అరగంట, ఐదారు ఫోటోలకు మించి వద్దు. ఒక్కో ఫోటోను ఏ4 సైజులో ప్రింటు తీయించండి, లేదా ట్యాబ్‌లో పెద్దది చేసి చూపించండి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, కాల్ వస్తే రికార్డింగు ఆగిపోతుంది. టేబుల్ చప్పుడు ఎక్కకుండా కింద మడతపెట్టిన తువ్వాలు వేసి, ఆవిడకు జానెడు దూరంలో ఉంచండి. సీలింగ్ ఫ్యాన్ ఆపేయండి, ఆ హోరు తర్వాత ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ పూర్తిగా పోదు. రికార్డింగ్ యాప్‌లో వేవ్ (WAV) ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, మోనో పెడితే నిమిషానికి 5 ఎంబీ అవుతుంది.

మొదలుపెట్టగానే తేదీ, గదిలో ఎవరెవరున్నారో చెప్పండి. ఫోటో మారినప్పుడల్లా "ఇప్పుడు ఏ-03-2" అని పైకి అనండి. ఇది చేయనివాళ్ళు ఆర్నెల్ల తర్వాత "ఈవిడ" అంటే ఏవిడో తెలియక తల పట్టుకుంటారు.

ముందు మనుషులు, ఎడమ నుంచి కుడికి. తర్వాత చోటు. ఆ తర్వాతే కథ. "అత్తయ్య" అంటే వెంటనే "ఎవరికి అత్తయ్య, ఇంటిపేరేంటి, పుట్టిల్లు ఏ ఊరు" అని అడగండి. తప్పు చెప్పారనిపించినా మధ్యలో దిద్దకండి, దిద్దడం మొదలైతే మాట ముడుచుకుంటుంది. గ్రూప్ ఫోటో అయితే ఏ4 ప్రింటు మీద ట్రేసింగ్ పేపర్ పరిచి తలల ఆకారాలు గీసి నంబర్లు వేయండి. అసలు ఫోటో మీద పెట్టి గీస్తే పెన్సిల్ గాటు పడుతుంది.

చిక్కడపల్లి_స్కాన్:
స్కానర్ సంగతి. కానన్ లైడ్ 300 లాంటి పల్చటివి విడి ఫోటోలకు బాగానే ఉంటాయి. కానీ అందులోది సీఐఎస్ సెన్సర్, గాజుకు ఆనినదే స్పష్టంగా వస్తుంది. వంకర తిరిగిన ప్రింటు, అద్దం వెనకున్న ఫోటో మసకబారతాయి. నెగెటివ్‌లు చేయదు. మీకు ఫ్రేము ఫోటో ఉంది కాబట్టి గాజుకు కాస్త ఎడంగా ఉన్నదాన్నీ స్పష్టంగా తీసే, ఎప్సన్ వీ600 లాంటి సీసీడీ స్కానర్ నయం. అంత ఖర్చు వద్దనుకుంటే లైడ్ తీసుకుని, ఆ ఒక్క ఫ్రేమునూ కెమెరాతో తీయండి.

సెట్టింగులు: పోస్ట్‌కార్డు సైజుకు 600 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలని). పాస్‌పోర్టు ఫోటోలకు, 120 ఫిల్ము కెమెరాల నుంచి వచ్చే రెండుంపావు అంగుళాల చదరపు ప్రింట్లకు 1200. నలుపు-తెలుపునూ 24 బిట్ కలర్‌లోనే చేయండి, అప్పుడే మరక ఏదో నీడ ఏదో విడిగా తెలుస్తుంది. డస్ట్ రిమూవల్, షార్పెనింగ్, ఆటో కరెక్షన్ అన్నీ ఆపేయాలి. నాణ్యత తగ్గని టిఫ్ (TIFF) ఫార్మాట్‌లో దాచి, పంపడానికి జేపెగ్ కాపీ తీసుకోండి. 4×6 ఫోటో టిఫ్ సుమారు 26 ఎంబీ, 300 ఫోటోలు కలిపినా 8 జీబీ దాటవు. వెనకవైపు స్టూడియో ముద్ర, చేతిరాత ఉంటే 300 డీపీఐలో అదీ తీయండి.

80ల ప్రింట్లలో గరుకు కాగితం ఎక్కువ. స్కాన్‌లో తేనెపట్టులా గళ్ళు కనిపిస్తాయి. అలాంటప్పుడు గాజు మీదే ఫోటో పైభాగం కిందికి వచ్చేలా తిప్పి రెండోసారి స్కాన్ చేసి, రెండింటినీ ఎడిటింగులో కలిపితే గళ్ళు చాలావరకు చదునవుతాయి. కొన్ని ఎర్రబారి ఉంటాయి. అది నీలిరంగు ముందుగా వెలిసిపోవడం వల్ల. దాన్ని కాపీలో సరిచేసుకోండి, టిఫ్ జోలికి వెళ్ళకండి.

ఏఐతో ముఖాలు తేటపరిచే యాప్‌ల గురించి ఒక్క మాట. అవి ముఖాన్ని బాగుచేయవు, కొత్తది గీస్తాయి. తాతయ్య ఫోటోలో ఎవరిదో ముక్కు వచ్చి కూర్చుంటుంది. సరదాకైతే సరే, ఫైలు పేరులో "ఏఐ" అని తప్పక రాయండి.

ఉప్పుగూడ_ఫ్రేమ్స్:
అద్దంకి అతుక్కున్నది ఎట్ల పడితే అట్ల గుంజకుండ్రి. ఫోటో మీద జిలటిన్ పొర ఉంటది. దండల నీళ్ళు, వానకాలం గోడ చెమ్మ లోపలికి పోతే అది మెత్తబడి అద్దంకి అంటుకుంటది, ఎండినంక బంక లెక్క పట్టేస్తది. గుంజితే ముఖమే అద్దం మీద మిగుల్తది. వెనక అట్ట, మేకులు తీసి, అద్దం ఫోటో రెండూ కలిపే స్కానర్ మీద పెట్టుండ్రి. అద్దం బయటి మొఖం ముందుగాల తుడ్వాలె, నీళ్ళు అద్దం మీద కాదు, బట్ట మీద చల్లి. నీళ్ళల్ల నానబెడితే ఊడుతదని చెప్పెటోళ్ళు ఉంటరు. చేత్తోని రంగులు దిద్దిన ఫోటో ఐతే రంగు మొత్తం పోతది, ఆ పని చెయ్యకుండ్రి.

స్కాన్ ఐనంక గోడకు దాని కాపీ పెట్టి దండ ఏస్కోండ్రి, బొట్టు పెట్టుకోండ్రి. కొత్త ఫ్రేముల ఫోటోకూ అద్దానికీ నడుమ అట్ట మౌంటు ఉండాలె.

జిగురు ఆల్బమ్‌ది: ముందు పేజీ మీదనే స్కాన్ కొట్టుండ్రి. అటెంక పళ్ళు తోమే ఫ్లాస్ దారం ఫోటో కింద మూల నుంచి రంపం లెక్క మెల్లగ ఆడియ్యాలె. రాకుంటే ఇడ్సిపెట్టి, ఫోటో చుట్టూ పేజీనే కత్తిరిచ్చుండ్రి. వెనక కాగితం ఉంటే ఉండనీ.

రామంతాపూర్_ఆల్బమ్:
చాలా థాంక్స్. ఇంకో రెండు. "ఎప్పుడు దిగారు?" అంటే అమ్మమ్మ "అప్పుడెప్పుడో" అంటారు, సంవత్సరాలు చెప్పరు. ఒక కాగితం మీద 1352 ఫసలీ అని ఉంది. రెండోది, విడదీశాక ఫోటోలు ఎందులో పెట్టాలి?

మౌలాలి_వంశవృక్షం:
సంవత్సరం అడగకండి, "దానికి ముందా, తర్వాతా" అని అడగండి. మన హైదరాబాద్‌లో పనికొచ్చే గుర్తులు: 1948 సెప్టెంబర్ పోలీస్ యాక్షన్, 1956 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ఏర్పాటు, 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1969 తెలంగాణ ఉద్యమం, 1979 జూలైలో స్కైలాబ్ (అమెరికా అంతరిక్ష కేంద్రం) నెత్తిన పడుతుందన్న భయం, 1980 ఫిబ్రవరి 16 సూర్యగ్రహణం. చంకలో పిల్ల ఉంటే ఆ పిల్ల వయసే అన్నిటికన్నా గట్టి ఆధారం. కానీ సర్టిఫికెట్ పుట్టినతేదీని నమ్మకండి, బళ్ళో వేయడానికి చాలామందికి మార్చి రాయించారు. తెలుగు సంవత్సరం పేరు చెబితే బంగారం. దుర్ముఖి అంటే 1956-57, అరవై ఏళ్ళకు గానీ మళ్ళీ రాదు.

ఫసలీ అంటే శిస్తు లెక్కలకు వాడిన సంవత్సరం. నిజాం కాగితాల్లో అది అజూర్ నెలతో, అక్టోబర్ మొదటి వారంలో మొదలవుతుంది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా 590, ఆ తర్వాతి నెలలకు 591 కలపాలి. మీ 1352 అంటే 1942 అక్టోబర్ నుంచి 1943 అక్టోబర్ మొదలు దాకా. కోస్తావైపు కాగితమైతే జూలై 1 నుంచి లెక్క.

చిక్కడపల్లి_స్కాన్:
దాచడం: పాలీప్రొపిలీన్ లేదా పాలియెస్టర్ కవర్లు. ఘాటు వాసన వచ్చే మెత్తటి పీవీసీ వద్దు, అంటుకుంటుంది. అటక మీద వద్దు, మే నెలలో అక్కడ వేడి ఊహించుకోండి. బయటి గోడకు ఆనని బీరువాలో మధ్య అర మంచిది. కలరా ఉండలు ఫోటోల పెట్టెలో వేయకండి. నెగెటివ్‌లు పులిసిన వెనిగర్ వాసన కొడితే అవి పాడవుతున్నట్టే, వెంటనే వేరుచేసి వాటినే ముందు స్కాన్ చేయండి. వెనకాల రాయాలంటే నాటి కాగితపు ప్రింటు మీద మెత్తటి 2బీ పెన్సిల్. ప్లాస్టిక్ పూత ప్రింటు మీద పెన్సిల్ పడదు, కవరు మీదే రాయండి. బాల్ పెన్ను గాటు ముందువైపు తేలుతుంది.

బంధువులకు వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంటుగా పంపండి, ఫోటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది. టిఫ్‌లు రెండు హార్డ్‌డిస్కుల్లో ఉంచి, ఒకటి వేరే ఇంట్లో పెట్టండి.

మౌలాలి_వంశవృక్షం:
ఒకటి మర్చిపోయాను. వంశవృక్షం గీసేటప్పుడు పేరుతో కాకుండా మనిషికో నంబరుతో గీయండి. తాత పేరే మనవడికి పెట్టడం వల్ల ఒకే పేరు తరం విడిచి తరం వస్తుంది. మేనరికాలుంటే చెట్టు కొమ్మలు మళ్ళీ కలుస్తాయి, చేత్తో గీసిన పటంలో అక్కడే గందరగోళం. గ్రాంప్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక మనిషిని ఒక్కసారే నమోదు చేసి, రెండు కుటుంబాలకూ తగిలించవచ్చు. దత్తత వెళ్ళినవాళ్ళకు రెండు ఇంటిపేర్లూ, ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరూ తప్పకుండా ఎక్కించండి.