రోజుకి 50 గ్రాముల లోపా, పూటకి 45 గ్రాములా: టైప్‌ 2 షుగర్‌లో పిండిపదార్థాల లెక్క

తూకంరాయి

టైప్‌ 2 షుగర్‌ ఉన్నవాళ్లకి ఒకదానికొకటి పొసగని రెండు సలహాలు చెబుతుంటారు. రోజంతా కలిపినా కార్బ్స్‌, అంటే పిండిపదార్థాలు 50 గ్రాములు దాటకూడదనేది మొదటిది. పూటకి 45 గ్రాముల చొప్పున మూడు పూటలా సమంగా తినమనీ, మధ్యలో ఆకలైతే ఇంకో 15 గ్రాములు తీసుకోమనీ చెప్పేది రెండోది. వీటిలో ఏది ఎవరికి నప్పుతుందన్నది ఇక్కడ తేల్చుకుందాం. షుగర్‌ అంకెలన్నీ డెసీలీటరుకి మిల్లీగ్రాముల్లోనే రాయండి, గందరగోళం ఉండదు.

నేను మొదటి పక్షం. తిన్న రెండు గంటల్లోపు షుగర్‌ని పైకి లేపేది ప్రధానంగా పిండిపదార్థమే. మాంసకృత్తులు లేపినా కొద్దిగా, నెమ్మదిగా. కొవ్వు తనంతట తాను దాదాపు లేపదు. ఇన్సులిన్‌ సరిగా పనిచెయ్యని ఒంటికి పూటపూటా 45 గ్రాములు ఇచ్చి, పెరిగిన షుగర్‌ని దించడానికి మళ్ళీ మాత్ర వెయ్యడంలో నాకు అర్థం కనిపించదు. అమెరికన్‌ డయాబెటిస్‌ అసోసియేషన్‌ 2019లో ఇచ్చిన పోషకాహార నివేదిక అందరికీ సరిపోయే శాతం ఏదీ లేదని చెబుతూనే, షుగర్‌ తగ్గించడానికి ఎక్కువ ఆధారాలున్న పద్ధతి పిండిపదార్థాల మొత్తం తగ్గించడమేనని రాసింది.

మందులపెట్టె

తూకంరాయి గారూ, గ్రాముల సంగతి తర్వాత. ఆ మనిషి ఏ మందుల మీద ఉన్నాడన్నది ముందు అడగాలి. అది అడక్కుండా 50 గ్రాములని చెప్పడం ప్రమాదం.

గ్లిమిపిరైడ్‌, గ్లిక్లజైడ్‌, గ్లిబెన్‌క్లమైడ్‌ మాత్రలు మనం తిన్నామా లేదా అని చూడవు, క్లోమం చేత ఇన్సులిన్‌ విడుదల చేయిస్తూనే ఉంటాయి. రోజుకి 200 గ్రాములు తినేటప్పుడు కుదిర్చిన డోసు అది. పొద్దున్న నుంచి 50కి దిగి, డోసు అలాగే ఉంచితే ఆ రాత్రికే షుగర్‌ 70 కిందకి జారొచ్చు. గ్లిబెన్‌క్లమైడ్‌ ప్రభావం ఎక్కువసేపు ఉంటుంది. వయసు మళ్ళినవాళ్లలో, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లలో ఒకసారి షుగర్‌ పడిపోతే, సరిచేశాక కూడా మళ్ళీ పడొచ్చు. ఇన్సులిన్‌ వేసుకునేవాళ్లకీ ఇదే జాగ్రత్త. ఒక్క మెట్‌ఫార్మిన్‌ మీద ఉన్నవాళ్లకి మాత్రం ఈ భయం చాలా తక్కువ.

ఇంకా పెద్ద చిక్కు డాపాగ్లిఫ్లోజిన్‌, ఎంపాగ్లిఫ్లోజిన్‌, కానాగ్లిఫ్లోజిన్‌ వాడేవాళ్లది. ఇవి షుగర్‌ని మూత్రంలో పంపేస్తాయి. దానికి తోడు పిండిపదార్థాలు బాగా తగ్గిస్తే ఒంట్లో ఇన్సులిన్‌ పడిపోయి, కొవ్వు కరిగి కీటోన్లనే ఆమ్లాలు పేరుకుంటాయి, రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్నే కీటోయాసిడోసిస్‌ అంటారు. మామూలు కీటోయాసిడోసిస్‌లో మీటర్‌ 300, 400 చూపించి హెచ్చరిస్తుంది. ఇక్కడ 180 చూపించవచ్చు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువే. అందుకే రోగికీ ఇంట్లోవాళ్లకీ అనుమానం రాదు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2015లోనే ఈ మందుల మీద హెచ్చరిక ఇచ్చింది. వికారం, వాంతులు, కడుపునొప్పి, ఆయాసంగా లోతైన ఊపిరి కనిపిస్తే మీటర్‌ అంకె బాగుందని ఇంట్లో ఉండిపోకూడదు, ఆస్పత్రికి వెళ్ళి కీటోన్లు చూడమని అడగాలి. వేలి రక్తంతో చూసే కీటోన్‌ స్ట్రిప్‌ ఇంట్లో ఉంటే, లీటరుకి 1.5 మిల్లీమోల్స్‌ దాటినప్పుడు వెంటనే డాక్టర్‌తో మాట్లాడాలి. 3 దాటితే అత్యవసరమే.

బీపీ మందుల మాట కూడా. పిండిపదార్థాలు ఒక్కసారిగా తగ్గించిన మొదటి వారంలో ఒంట్లోంచి ఉప్పూ నీరూ బాగా పోతాయి. పాత డోసే కొనసాగితే లేచి నిలబడగానే కళ్ళు తిరుగుతాయి.

నిదానం

మందులపెట్టె గారు చెప్పింది అక్షరాలా నిజం. నా అభ్యంతరం మాత్రం అసలు సిద్ధాంతం మీదే. షుగర్‌ జబ్బు వెనక్కి మళ్ళడానికి కారణం బరువు తగ్గడం, పిండిపదార్థాలు తగ్గడం కాదు.

బ్రిటన్‌లో జరిగిన డైరెక్ట్‌ అధ్యయనం చూడండి. మైక్‌ లీన్‌, రాయ్‌ టేలర్‌ బృందం మొదటి ఏడాది ఫలితాలు 2017లో ప్రచురించింది. 3 నుంచి 5 నెలలపాటు రోజుకి 825 నుంచి 853 కేలరీల ద్రవాహారం ఇచ్చి, తర్వాత మెల్లగా మామూలు తిండికి తెచ్చారు. ఏడాది తిరిగేసరికి ఆ గుంపులో 46 శాతం మందికి మందులు లేకుండానే హెచ్‌బీఏ1సీ (రెండుమూడు నెలల సగటు షుగర్‌ చెప్పే పరీక్ష) 6.5 శాతం కిందకి వచ్చింది. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్లలో అయితే 86 శాతం. ఇంతకీ ఆ ద్రవాహారంలో పిండిపదార్థాల వాటా 59 శాతం! కాలేయంలో, క్లోమంలో చేరిన కొవ్వు కరగడమే అక్కడ పనిచేసింది. మరి 50 గ్రాముల నియమం పెట్టి మనుషుల్ని ఎందుకు కష్టపెట్టడం?

తూకంరాయి

ఆ 59 శాతాన్ని గ్రాముల్లోకి మార్చి చూడండి, నిదానం గారూ. 850 కేలరీల్లో 59 శాతమంటే దాదాపు 500 కేలరీలు. గ్రాముకి 4 చొప్పున అది సుమారు 125 గ్రాములు. రోజుకి 130 గ్రాముల లోపు ఉంటే తక్కువ కార్బ్‌ ఆహారమనే చాలామంది లెక్కేస్తారు. శాతం చూసి అది పిండి ఎక్కువున్న ఆహారమనుకోవడం పొరపాటు. షుగర్‌ మాత్రలు మొదటి రోజే ఆపించి మొదలుపెట్టారన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి.

బరువు తగ్గితే జబ్బు వెనక్కి మళ్ళుతుందన్నది ఒప్పుకుంటాను. కానీ అది నెలల మీద జరిగే పని. ఇవాళ తిన్నాక 260కి చేరుతున్న మనిషికి ఇవాళ్టి పళ్ళెంలో ఏం మార్చాలో చెప్పాలి కదా. పైగా బరువు సరిగ్గానే ఉండి టైప్‌ 2 వచ్చినవాళ్లలో చాలామందికి 15 కిలోలు తగ్గేంత ఒళ్ళే ఉండదు.

లెక్కలబడి

మీరిద్దరూ 50 అనీ 125 అనీ వాదిస్తున్నారు. ఆ గ్రాములు కొలవడంలోనే తప్పులు జరుగుతుంటే ఈ వాదన ఎవరికి పనికొస్తుంది?

అన్నిటికన్నా ఎక్కువ జరిగే తప్పు పదార్థం బరువునే పిండిపదార్థం బరువు అనుకోవడం. 100 గ్రాముల అన్నంలో పిండిపదార్థం సుమారు 28 గ్రాములు. 100 గ్రాముల పచ్చి బియ్యంలో 80 దాకా. వండకముందు తూచిన అంకెని వండాక తూచిన గిన్నెకి వాడితే లెక్క దాదాపు మూడింతలు తేడా వస్తుంది. 30 గ్రాముల బ్రెడ్‌ ముక్కలో 15, ఉడికించిన 150 గ్రాముల బంగాళాదుంపలో 30, గ్లాసు పాలలో అంటే 240 మిల్లీలీటర్లలో 12, మధ్యస్థంగా ఉన్న ఆపిల్‌లో 25. ఉడికిన పప్పు ధాన్యాల్లో 100 గ్రాములకి 20 ఉన్నా అందులో 8 దాకా పీచే. నీళ్ళు ఎంత పోశామన్నదాన్ని బట్టి ఇవి కాస్త అటూఇటూ అవుతాయి.

పీచు దగ్గర ఇంకో మెలిక. అమెరికా లేబుళ్ళ మీద మొత్తం కార్బోహైడ్రేట్లలో పీచు కలిసే ఉంటుంది. యూరప్‌ లేబుళ్ళలో దాన్ని ముందే తీసేసి విడిగా చూపిస్తారు. ఆ రెండో రకం పొట్లం మీద మళ్ళీ పీచు తీసేస్తే రెండుసార్లు తీసినట్టే, నిజంగా తిన్నదానికన్నా తక్కువ లెక్క వస్తుంది. చక్కెర లేదని రాసిన బిస్కెట్లలో చక్కెర బదులు వాడే మాల్టిటాల్‌ ఉందేమో చూడండి. అది చక్కెరంత కాకపోయినా షుగర్‌ని పెంచుతుంది. అలాంటిదే ఇంకోటి ఎరిత్రిటాల్‌, అది దాదాపు పెంచదు.

వంటింటి త్రాసు జీవితాంతం అక్కర్లేదు. ఓ వారం ప్రతి పూటా తూచి, రోజూ వాడే గిన్నెలో 45 గ్రాములకి అన్నం ఎంతవరకు వస్తుందో గుర్తు పెట్టుకుంటే ఆ తర్వాత గిన్నే కొలత. 45 గ్రాములంటే సుమారు 160 గ్రాముల అన్నం అన్నమాట.

పరగడుపు

ఇంకో ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. షుగర్‌ ఎప్పుడు ఎక్కువుంటోంది? పరగడుపునా, తిన్నాకా? రెంటికీ ఒకే చికిత్స కాదు.

పరగడుపున 160 ఉండి, తిన్నాక 190 వచ్చిందనుకోండి. తిండి పెంచింది 30 మాత్రమే. ఆ 160 రాత్రంతా కాలేయం తయారుచేసి పంపిన గ్లూకోజ్‌ వల్ల. తెల్లవారుజామున కార్టిజాల్‌, గ్రోత్‌ హార్మోన్‌ పెరిగి దాన్ని ఇంకాస్త ఎగదోస్తాయి. ఇలాంటి మనిషి పగటి పూట కార్బ్స్‌ ఎంత కోసినా పొద్దుటి అంకె వెంటనే దిగదు, విసిగిపోయి మానేస్తాడు. ఇక్కడ పనిచేసేవి బరువు తగ్గడం, రాత్రి భోజనం త్వరగా, తేలిగ్గా ముగించడం, మెట్‌ఫార్మిన్‌ లాంటి మందు. ఇంకొకరికి పరగడుపున 105, తిన్నాక 240. తూకంరాయి గారి వాదన సూటిగా తగిలేది ఈ రెండో మనిషికే.

తెలుసుకోవడం సులువు. తినబోయే ముందు ఒక స్ట్రిప్‌, మొదటి ముద్ద నోట్లో పెట్టినప్పటి నుంచి సరిగ్గా రెండు గంటలకి ఇంకో స్ట్రిప్‌. తినడం ముగిశాక లెక్కపెట్టడం మొదలుపెట్టకండి. తేడా 50 దాటుతున్నా, రెండో అంకె 180 దాటుతున్నా ఆ పూట పిండిపదార్థం 15 గ్రాములు తగ్గించి, మళ్ళీ అదే భోజనంతో చూడాలి. చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకున్నాకే గుచ్చండి. పండు కోసిన వేలికి అంటిన రసం చాలు, అంకె ఎక్కడికో పోతుంది. మీటర్లకి అంతర్జాతీయ ప్రమాణమే 100 పైన 15 శాతం తేడాని అనుమతిస్తుంది. అసలు 180 ఉంటే 153 అనీ చూపొచ్చు, 207 అనీ చూపొచ్చు. కాబట్టి ఒక్క కొలతతో ఏ తిండినీ దోషిగా నిలబెట్టొద్దు, మూడుసార్లు చూడండి.

నిదానం

పరగడుపు గారి విభజన నాకు నచ్చింది. దాన్నిబట్టి చూసినా, తిన్నాక పెరిగేవాళ్లందరికీ 50 గ్రాములు అక్కర్లేదు. మొత్తం మార్చకుండానే ఆ శిఖరాన్ని తగ్గించే మార్గాలున్నాయి. ముందు కూరగాయలూ మాంసకృత్తులూ తిని, పిండిపదార్థం చివర్లో తినడం వాటిలో ఒకటి. తిన్న వెంటనే 10, 15 నిమిషాలు నడవడం ఇంకొకటి, కండరాలు ఇన్సులిన్‌ పెద్దగా అవసరం లేకుండానే గ్లూకోజ్‌ని లాక్కుంటాయి. పండు రసం తీయకుండా పండుగానే తినాలి. 135 గ్రాములు ఒకే పూట తినడానికీ, మూడు 45లుగా తినడానికీ ఉన్న తేడా అందరికీ తెలిసిందే.

50 గ్రాముల లోపు ఉండేవాళ్లు చూసుకోవాల్సినవీ ఉన్నాయి. పిండి తీసేసిన చోట వెన్న, కొవ్వు మాంసం నింపితే కొందరిలో ఎల్‌డీఎల్‌ (చెడు కొలెస్ట్రాల్‌) బాగా పెరుగుతుంది, మూడు నెలలకి ఒకసారి చూపించుకోవాలి. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లు మాంసకృత్తులు ఇష్టమొచ్చినట్టు పెంచకూడదు. గర్భిణులకి ఈ పద్ధతి వద్దే వద్దు, వాళ్లకి రోజుకి కనీసం 175 గ్రాములు సిఫారసు చేస్తారు. గ్లూకోజ్‌ తాగించి చేసే పరీక్షకి వెళ్ళబోతుంటే ముందు మూడు రోజులు రోజుకి 150 గ్రాములకి తగ్గకుండా తినాలి. లేకపోతే క్లోమం ఒక్కసారిగా వచ్చిపడ్డ 75 గ్రాములకి సిద్ధంగా ఉండదు, లేని జబ్బు ఉన్నట్టు కాగితం మీద రావచ్చు.

తూకంరాయి

గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, ఆ ఫ్లోజిన్‌ మందుల మీద ఉన్నవాళ్లు నా మాట పరిధిలోకి రారు, ఒప్పుకుంటున్నాను. మిగిలినవాళ్లకి కూడా నేరుగా 50కి దూకమనను. ఇప్పుడు తింటున్నది కొలిచి, వారానికి 30 గ్రాముల చొప్పున దింపుతూ, పరగడుపు గారు చెప్పినట్టు జంట కొలతలు చూసుకుంటూ వెళ్ళాలి. తిన్నాక 180 లోపు ఏ గ్రాము దగ్గర నిలుస్తుందో అక్కడ ఆగాలి. కొందరికి అది 120 దగ్గరే వస్తుంది, కొందరికి 50 దాకా దిగాల్సి వస్తుంది. 45 చొప్పున మూడు పూటలా అని ముందే రాసిచ్చే కాగితాన్ని మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ అంకె ఆ మనిషి మీటర్‌ చూసి వచ్చింది కాదు.

సూదిమొన

ఆ 45ని పూర్తిగా కొట్టిపారెయ్యకండి. రోజూ ఒకే డోసు ఇన్సులిన్‌, అదీ త్వరగా పనిచేసేదీ నెమ్మదిగా పనిచేసేదీ కలిపి ఉన్న మిశ్రమం రెండు పూటలా వేసుకునేవాళ్లకి పూటపూటకీ గ్రాములు నిలకడగా ఉండటమే రక్షణ. ఒక పూట 20, ఇంకో పూట 80 తింటే అదే డోసు ఒకసారి ఎక్కువవుతుంది, ఇంకోసారి చాలదు. తిండిని బట్టి డోసు మార్చుకోవడం నేర్చినవాళ్లకైతే ఆ కట్టుబాటు అక్కర్లేదు. రోజు మొత్తం ఇన్సులిన్‌ యూనిట్లతో 500ని భాగిస్తే ఒక యూనిట్‌ ఎన్ని గ్రాములకి సరిపోతుందో తెలుస్తుంది. రోజుకి 40 యూనిట్లయితే 12.5 గ్రాములకి ఒకటి. ఇది మొదలుపెట్టడానికి ఒక అంచనా మాత్రమే, డాక్టర్‌తో కూర్చుని సరిచేసుకోవాలి. కొవ్వు బాగా ఉన్న భోజనమైతే షుగర్‌ రెండు గంటలకి మామూలుగా ఉండి నాలుగైదు గంటలకి పెరుగుతుంది. రెండు గంటల కొలత చూసి బాగుందనుకునేవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

మందులపెట్టె

దింపడం మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడిగి రాయించుకోవాల్సింది: ఎన్ని గ్రాములకి దిగితే ఏ మాత్ర ఎంత తగ్గించాలి, ఏది ఆపాలి. షుగర్‌ పడ్డాక అడిగేది కాదు.

దగ్గర ఎప్పుడూ గ్లూకోజ్‌ ఉండాలి. 70 కిందకి వస్తే 15 గ్రాములు నీళ్ళలో కలుపుకుని తాగి, 15 నిమిషాలకి మళ్ళీ చూడాలి. ఇంకా 70 లోపే ఉంటే మరో 15. చాక్లెట్‌ పనికిరాదు, అందులోని కొవ్వు గ్లూకోజ్‌ని ఆలస్యం చేస్తుంది. వోగ్లిబోజ్‌, అకార్బోజ్‌ వాడేవాళ్లు మామూలు చక్కెర మీద ఆధారపడొద్దు. చక్కెరని విడగొట్టే ఎంజైమ్‌నే ఆ మందులు అడ్డుకుంటాయి, అందుకే వాళ్లకి పొడి గ్లూకోజే కావాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకండి, పక్కకి తిప్పి పడుకోబెట్టి అంబులెన్స్‌కి ఫోన్‌ చెయ్యండి.