కాటికాపరి కాటికాపరిగానే ఉండిపోతే అది హరిశ్చంద్ర నాటకమేనా?

పెన్నాగట్టు: రాత్రి నెల్లూరు టౌన్‌హాల్లో కుర్రోళ్ల హరిశ్చంద్ర చూశా. నక్షత్రకుడు ఫైనాన్స్ వసూళ్లోడిలా బైకు మీద దిగాడు. రాజును కొన్న కాటికాపరి వీరబాహుడు చివర్లో దేవుడు కాలేదు, సుంకం డబ్బులు లెక్కపెట్టుకుంటా కూర్చున్నాడు. నాకు నచ్చింది.

హార్మోనియం మాస్టారు: కాటిసీనులో రాగం తుంచేశారు. స్టేజి మీద బైకేంది? బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు రాసింది రాసినట్టు ఆడండి. వర్గం, కులం కావాలంటే సొంతంగా ఇంకోటి రాసుకోండి.

కందుకూరోడు: రాసింది రాసినట్టే అయితే కాటిసీనులో మీరు వన్స్‌మోర్ కొట్టే పద్యాలు తీసేయాల మాస్టారూ. అవి జాషువా గారి ‘శ్మశానవాటి’ లోవి. తర్వాత నటులు తెచ్చి కలుపుకున్నయ్యే గదా.

హార్మోనియం మాస్టారు: పద్యం పక్కన పద్యం అతుకుద్ది. బైకు అతకదు.

చీరాల చిన్నోడు: పొగకి ముందు వరసలో అందరం దగ్గాం.

కొత్తపట్నం: చింతామణిలో సుబ్బిశెట్టి వేషం మీద గొడవై 2022లో ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. ఇదీ అక్కడికే పోద్ది, చూస్తా ఉండండి.

హార్మోనియం మాస్టారు: అబ్బాయ్, మార్కండేయ పురాణం తిరగేయి. రాజును కొన్న చండాలుడు సాక్షాత్తూ ధర్ముడు. ఆ ముక్క తీసేస్తే అది పరీక్షెట్లా అవుద్ది? విశ్వామిత్రుడి దక్షిణకీ బైకు వాయిదాకీ ఏం పోలిక?

కందుకూరోడు: మళ్లీ బైకేనా! నేను చెప్పేది వేరే. రాజును కొన్నోడు నిజం కాటికాపరైతే మనకి మింగుడు పడదు. తెల్లారేసరికి వాడు దేవుడై తీరాల. అప్పుడు రాజు ఊడిగం చేసింది దేవుడికని సరిపెట్టుకుంటాం.

హార్మోనియం మాస్టారు: కులం తెచ్చింది నువ్వు. 40 ఏళ్లు వాయించా, స్టేజి మీద మేమెవరం అది చూళ్లేదు.

కందుకూరోడు: చూళ్లేదా? మా నాయన 22 ఏళ్లు వీరబాహుడే వేశాడు. హరిశ్చంద్రుడి పద్యాలన్నీ నోటికొచ్చు. ఒక తిరనాళ్లలో హరిశ్చంద్రుడి వేషగాడికి గొంతు పూడుకుపోతే తెర వెనక నిలబడి తెల్లార్లూ పాడింది మా నాయన. ముందు నిలబడి పెదాలాడించిన ఆయనకి ఈలలు, మెళ్లో నోట్లదండ. తర్వాత ఆ వేషం తనకియ్యమని అడిగితే ‘రాజు కళ లేదు’ అన్నారు. నల్లగా ఉండేవాడు లెండి. కళంటే ఏందో నాకప్పుడు తెలీలా.

పెన్నాగట్టు: ఏ ట్రూపు అన్నా?

కందుకూరోడు: పేరెందుకులే. నిన్న ఆ పిల్లోడు కాటికాపరిగానే లేచి దండం పెడితే అమ్మ ఏడ్చింది. మాస్టారేమో రాగం కొలుస్తా ఉండారు.

హార్మోనియం మాస్టారు: తెరచాటున పాడించడం మా దాంట్లోనూ ఉంది. జనం వచ్చి కూర్చున్నాక ఆట ఆపలేం గదా. అది అవమానం అనుకోలా మేం.

కందుకూరోడు: ఆ రాత్రి సరే. మర్నాడు?

హార్మోనియం మాస్టారు: మర్నాటికి ఆయన గొంతు బాగైంది బాబూ. ఏమైనా బైకు మాత్రం తప్పే.